ఆఫీసులో నేను చేసే పని, నేను రాసిన నాలుగు లైన్లు



పోయిన నెల ఇంటర్వ్యూల గురించి పెట్టిన పోస్టు కింద ఒక చెల్లె అడిగింది, "అక్కా, ఇంటర్వ్యూ సంగతి సరే, లోపలికి పోయినంక నువ్వు అసలు ఏం పని చేస్తవ్?" అని. కామెంట్లోనే రెండు ముక్కలు రాద్దామని మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెప్తే సగం అబద్ధం అయితది. అందుకే కొంచెం పొడుగు పోస్టు. ఓపిక పట్టండి.

మీ దగ్గర మీసేవ నుంచి తెచ్చుకున్న కులం సర్టిఫికెట్ పీడీఎఫ్ ఉంటే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. కింద తహశీల్దార్ పేరుతో డిజిటల్ సంతకం ఉంటది. దాని మీద చాలాసార్లు పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తది. అది నకిలీ అని కాదు, ఆ సంతకాన్ని నమ్మమని మీ కంప్యూటర్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదని. ఆ సంతకం చేసే తాళంచెవి ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటది. దాన్ని అందరూ డీఎస్సీ అంటారు. మనకు డీఎస్సీ అంటే టీచర్ పోస్టుల పరీక్షే గుర్తొస్తది గానీ, ఇది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్.

మా కంపెనీ కాలేజీల మెమోలు, బోనఫైడ్‌ల మీద ఇలాంటి సంతకాలే పెట్టే సాఫ్ట్‌వేర్ చేస్తది. రోజుకు వేల సంతకాలు కావాలి కాబట్టి యూఎస్‌బీ టోకెన్ సరిపోదు. సర్వర్ల గదిలో హెచ్ఎస్ఎం అనే పెట్టె ఉంటది. రహస్య తాళంచెవి ఆ పెట్టె లోపలే పుడుతుంది, బయటికి రాదు. మనం డాక్యుమెంట్ సారాంశాన్ని, అంటే హ్యాష్‌ను, లోపలికి పంపిస్తే అది సంతకం చేసి తిరిగి ఇస్తది. ఎవరైనా సర్వర్ మొత్తం దోచుకుపోయినా తాళంచెవి మాత్రం దొరకదు. ఈ మొత్తం వ్యవహారం విలువ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మా ప్రోగ్రామ్ ఆ పెట్టెతో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీ ఉంది. అది ఓపెన్ సోర్స్. 1998 డిసెంబర్‌లో ఎస్ఎస్ఎల్ఈఏవై అనే పాత లైబ్రరీ నుంచి పుట్టింది. మీరు బ్రౌజర్‌లో తాళం గుర్తు చూసే వెబ్‌సైట్లలో చాలావాటి వెనక సర్వర్‌లో అదే పనిచేస్తుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడినప్పుడు దాని పేరు పేపర్లకెక్కింది. ప్రపంచమంతా వాడే లైబ్రరీని చూసుకునే మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇక హార్డ్‌వేర్ సంగతి. 2000 ప్రాంతంలో ప్రాసెసర్లు నెమ్మది. ఆర్ఎస్ఏ లెక్కలు చేయడానికి సర్వర్లకు చెమటలు పట్టేవి. అందుకని ఆ లెక్క కోసమే ప్రత్యేకంగా కార్డులు అమ్మేవాళ్లు. ఎన్‌సైఫర్, అటాలా, క్రిప్టోస్విఫ్ట్ లాంటివి. ఒక్కో కార్డుకు ఒక్కో డ్రైవర్. అన్నిటినీ లైబ్రరీకి తగిలించడానికి ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు ఇంజిన్ అనే ఏర్పాటు చేశారు. మొదట 0.9.6తో పాటు విడిగా ఇచ్చారు, 0.9.7లో కలిపేశారు. తర్వాత ప్రాసెసర్లే వేగం పెరిగి ఆ కార్డులు చాలావరకు మూలన పడ్డాయి. కానీ ఇంజిన్ ఏర్పాటు ఉండిపోయింది, ఎందుకంటే హెచ్ఎస్ఎంలు, టోకెన్లు దాని మీదే ఆధారపడ్డాయి. అంటే వేగం కోసం కట్టిన దారిని భద్రత కోసం వాడుకున్నాం.

ఆ దారిలో ఇబ్బంది ఏంటో మన హాస్టల్ భాషలో చెప్తాను. హాస్టల్‌కు బయటి నుంచి వంటమనిషి వచ్చాడనుకోండి. నేరుగా వంటగదిలోకి పోయి, మన గిన్నెల్లో, మన డబ్బాల్లో చెయ్యిపెట్టి వండుతాడు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో ఆయనకు బట్టీ. ఒకరోజు వార్డెన్ అర మార్చాడు. వంటమనిషికి తెలియదు, కూరలో ఉప్పు బదులు చక్కెర. ఇంజిన్లు ఇట్లనే లైబ్రరీ లోపలి నిర్మాణాలను నేరుగా ముట్టుకునేవి. 2016లో 1.1.0 వచ్చినప్పుడు ఆ నిర్మాణాలను బయటికి కనిపించకుండా మూసేశారు. పాత ఇంజిన్లు చాలా అక్కడే ఆగిపోయాయి, అందరూ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

ఇంకో ఇబ్బంది. ఇంజిన్‌తో చాలావరకు లైబ్రరీకి ముందే తెలిసిన అల్గారిథమ్‌నే వేరే విధంగా చేసి చూపించొచ్చు. లైబ్రరీ లోపలి నంబర్ల జాబితాలో లేని కొత్తదాన్ని తేవడం తలనొప్పి. ఇది మీకు వివరించనక్కర్లేదు. అప్లికేషన్ ఫారంలో తెగ పేరు కోసం డ్రాప్‌డౌన్ తెరిస్తే మనది ఉండదు, "ఇతర" నొక్కి కూర్చుంటాం కదా. అదే బాధ.

2021 సెప్టెంబర్‌లో 3.0 వచ్చింది. మూడేళ్ల పని, 7500కు పైగా మార్పులు, 350 మందికి పైగా రాసినవాళ్లు. ఇందులో ఇంజిన్ బదులు ప్రొవైడర్ అనే కొత్త పద్ధతి పెట్టారు. ఇక్కడ వంటమనిషి వంటగదిలోకి రాడు. కిటికీ దగ్గర నిలబడతాడు. లైబ్రరీ తన దగ్గరున్న పనుల జాబితా ఇస్తది, ప్రొవైడర్ తన జాబితా ఇస్తది. ప్రతి పనికి ఒక నంబరు, నంబరు పక్కన ఆ పని చేసే ఫంక్షన్ చిరునామా, చివర్లో సున్నా.  తనకు తెలియని నంబరు కనిపిస్తే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. అందుకే ఇటువైపు లోపల అరలు ఎన్నిసార్లు మార్చుకున్నా అటువైపు వాళ్లకు ఫరక్ పడదు. అల్గారిథమ్‌లను పేరుతో అడుగుతారు, నంబరుతో కాదు. దానివల్ల క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే కొత్త పద్ధతులను లైబ్రరీలో చేర్చకముందే జనం బయటి ప్రొవైడర్‌గా తగిలించి పరీక్షించుకున్నారు. 2025 ఏప్రిల్‌లో 3.5తో అవి లోపలికే వచ్చాయి.

చక్కటి విషయం ఏంటంటే, లైబ్రరీ సొంత అల్గారిథమ్‌లు కూడా ఇప్పుడు ప్రొవైడర్ల నుంచే వస్తాయి. మామూలువి "డిఫాల్ట్"లో, ఎండీ4, ఆర్‌సీ4 లాంటి పాతబడినవి "లెగసీ"లో, అమెరికా ప్రభుత్వ ప్రమాణానికి సరిపోయేవి "ఫిప్స్"లో. ఇంటివాళ్లకూ బయటివాళ్లకూ ఒకటే కిటికీ. నాకు ఈ ఒక్క నిర్ణయం చాలా నచ్చింది. తమకు ఒక దారి, బయటివాళ్లకు ఒక దారి పెట్టినప్పుడు బయటివాళ్ల దారి ఎప్పుడూ గుంతల్లోనే ఉంటది. తాము కూడా అదే దారిలో నడిస్తే గుంత వాళ్ల కాలికీ తగులుతది.

అన్నీ బాగయ్యాయని కాదు. పేరుతో వెతకడానికి టైం పడుతుంది. ప్రతిసారీ వెతికే పాత ప్రోగ్రామ్‌లు 3.0లో నెమ్మదించాయని చాలామంది తిట్టుకున్నారు. ఒక్కసారి తెచ్చుకుని దాచిపెట్టుకుని వాడుకోవాలి. మా కోడ్‌లో కూడా అది సరిచేశాం.

ఇప్పుడు నా సంగతి.

పాత 1.1.1 వెర్షన్‌కు ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్ 11తో అయిపోయింది. మేము ఆ ఏడాదే సర్వర్లు మార్చాలి, పెట్టెతో మాట్లాడే భాగాన్ని ఇంజిన్ నుంచి ప్రొవైడర్‌కు మార్చాలి. పని నాకిచ్చారు. సంతకం ఫంక్షన్ తెరిచి చదువుతుంటే మధ్యలో నాలుగు లైన్లు కనిపించాయి. ఇంజిన్ తెరుచుకుంటే పెట్టెలోని తాళంచెవి వాడు, తెరుచుకోకపోతే డిస్క్ మీద ఉన్న ఫైల్‌లోని తాళంచెవి వాడు, ముందుకు పో. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఏ మహానుభావుడు రాశాడా అని గిట్ బ్లేమ్ కొట్టాను. నా పేరు వచ్చింది.

చేరిన కొత్తలో రాసింది. టెస్ట్ సర్వర్‌కు పెట్టె ఉండేది కాదు, టెస్టులు పాస్ కావాలని పెట్టాను. టెస్ట్ సర్వర్ సెట్టింగులు ఎప్పుడో అసలు సర్వర్‌కు కాపీ అయ్యాయి, టెస్ట్ తాళంచెవి ఫైల్‌తో సహా. పాత రికార్డులన్నీ ఆ సాయంత్రం వెతికాను. పెట్టెకూ సర్వర్‌కూ మధ్య లైన్ రెండుసార్లు కాసేపు తెగింది. ఆ కాసేపట్లో 11 డాక్యుమెంట్ల మీద టెస్ట్ తాళంచెవితో సంతకం పడింది. అంటే పదకొండు మంది పిల్లల చేతిలో ఉన్న కాగితం ఎక్కడ చూపించినా చెల్లదు, వాళ్లకు ఆ సంగతి తెలియదు.

నిజం చెప్తున్నా, మొదట నాకు వచ్చిన ఆలోచన ఆ పిల్లల గురించి కాదు. కొత్త కోడ్‌లో ఆ లైన్లు ఎట్లాగూ పోతాయి, ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు అన్నది. మా ఆఫీసులో ఎస్టీ అమ్మాయిని నేనొక్కదాన్నే. చేరిన మొదటి నెలలోనే లంచ్ దగ్గర ఒకాయన నవ్వుకుంటూ "నీకేం, కోటా ఉంది కదా" అన్నాడు. కంపెనీ ఉద్యోగాల్లో కోటా ఏం లేదని ఆయనకు తెలియక కాదు. వేరేవాళ్లు తప్పు చేస్తే "పొరపాటు" అంటారు. నేను చేస్తే ఏమంటారో నాకు తెలుసు. మీలో చాలామందికి కూడా తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాలేజీలో చేరేటప్పుడు నా సర్టిఫికెట్‌ను కౌంటర్ దగ్గర పక్కన పెట్టి "వెరిఫై కావాలి" అంటే బాపు మూడు రోజులు బస్టాండ్‌లో పడుకున్న సంగతి గుర్తొచ్చింది. ఆ పదకొండు మందిలో ఎవరి బాపు ఎక్కడ పడుకుంటాడో. పొద్దున్నే టీం లీడ్‌ను కలిసి ల్యాప్‌టాప్ తెరిచి లైన్లు చూపించి, "ఇది నేనే రాశాను మేడం" అన్నాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "లిస్ట్ ఉందా?" ఉంది. సాయంత్రానికి పదకొండింటికీ మళ్లీ సంతకాలు చేసి, కాలేజీలకు ఫోన్లు చేసి, కొత్త కాపీలు పంపాం. ఒక అబ్బాయి అప్పటికే స్కాలర్‌షిప్‌కు పాత కాపీ పెట్టేశాడు. ఆయన అప్లికేషన్‌లో మార్పించడానికి ఇంకో వారం పట్టింది. నా మీద ఎవరైనా వెనక ఏమైనా అన్నారా అంటే అనే ఉంటారు. రివ్యూ మీటింగ్‌లో మాత్రం ఆమె అడిగింది, "ఈ నాలుగు లైన్లను అప్పుడు రివ్యూ చేసి ఓకే చేసిందెవరు?" అని. ఇద్దరు సీనియర్లు. వాళ్ల పేర్లు కూడా రికార్డులో ఉన్నాయి. ఇది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

తర్వాత కొత్త కోడ్‌లో ఇంకో దెబ్బ తిన్నాను, అది చిన్నదే గానీ మీకు పనికొస్తది. సెట్టింగ్స్ ఫైల్‌లో పీకేసీఎస్ 11 ప్రొవైడర్‌ను ఆన్ చేశాను. వెంటనే అన్నీ ఆగిపోయాయి, హ్యాష్ కూడా రావట్లేదు, అంతా "అన్‌సపోర్టెడ్". సగం రోజు పోయింది. సంగతేంటంటే, మనం ఏ ప్రొవైడర్‌నూ పేరు పెట్టి పిలవకపోతే డిఫాల్ట్ తనంతట తానే వస్తది. ఒక్కదాన్ని పేరు పెట్టి పిలిచామా, ఇక డిఫాల్ట్‌ను కూడా పిలవాల్సిందే. పెళ్లికి ఒక్క చుట్టానికి కార్డు ఇస్తే మిగతావాళ్లు కార్డు కోసం అలిగి కూర్చున్నట్టు. డిఫాల్ట్ భాగంలో యాక్టివేట్ = 1 అనే లైన్ ముందున్న హ్యాష్ గుర్తు తీసేస్తే అయిపోయింది. ఆ లైన్ పైనే ఈ హెచ్చరిక రాసి ఉంది. నేను చదవలేదు.

ఇంకొకటి. కొత్త తాళంచెవి పుట్టించేటప్పుడు ఏ ప్రొవైడర్ చేయాలో షరతు రాయొచ్చు. షరతు ముందు ప్రశ్నార్థకం పెడితే "వీలైతే అక్కడ, లేకపోతే ఎక్కడైనా" అని అర్థం. పెట్టకపోతే "అక్కడే, లేకపోతే వద్దు". సర్వీస్ ఆగకుండా ఉంటదని ఒక సహోద్యోగి ప్రశ్నార్థకం పెడదామన్నాడు. పెట్టె అందుబాటులో లేని రోజు తాళంచెవి మామూలు మెమరీలో పుట్టి, అందరూ అది పెట్టెలో ఉందని అనుకుంటారు. నా నాలుగు లైన్లే మళ్లీ, ఈసారి ఒక్క అక్షరంలో. ఒప్పుకోలేదు. గంట వాదన అయ్యింది. ప్రశ్నార్థకం లేకుండానే పోయింది. ఆ తర్వాత ఒకసారి లైన్ తెగి సర్వీస్ ఇరవై నిమిషాలు ఆగింది, ఫోన్లు మోగాయి, తిట్లు పడ్డాయి. తప్పుడు సంతకం ఒక్కటి కూడా పడలేదు.

4.0లో ఇంజిన్ కోడ్‌ను పూర్తిగా తీసేయాలని ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు నిర్ణయించారు. కాబట్టి ఇంకా ఇంజిన్ మీదే నడుస్తున్న కంపెనీలు ఈ పని చేయక తప్పదు. సీ భాష వచ్చినవాళ్లకు ఇక్కడ పని ఉంది. మన గురుకులాల నుంచి, ట్రిపుల్ ఐటీల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా జావా, వెబ్ వైపే పోతున్నారు, సీ అంటే పరీక్ష కోసం చదివి వదిలేస్తున్నారు.

లైనక్స్ ఉన్నవాళ్లు టెర్మినల్ తెరిచి ఓపెన్ఎస్ఎస్ఎల్ లిస్ట్ కమాండ్‌ను ప్రొవైడర్స్ ఆప్షన్‌తో కొట్టి చూడండి, ఏవి ఆన్‌లో ఉన్నాయో చూపిస్తది. పెట్టె కొనక్కర్లేదు, సాఫ్ట్‌హెచ్ఎస్ఎం అని ఉచితంగా దొరుకుతది, పెట్టెలా నటిస్తది, ప్రాక్టీస్‌కు చాలు. ఆదివారం రాత్రి 8కి గ్రూప్ కాల్ పెడతాను. సిగ్నల్ లేని ఊర్లలో ఉన్నవాళ్లు ప్రశ్నలు కామెంట్లో రాసి పెట్టండి, సోమవారం ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను.