అరికాళ్ళ మంట

"సారూ, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా ఎరుకైతలేదు. రాత్రయితే మాత్రం అరికాళ్ళు భగభగ మండుతయ్." కోస్గి ప్రాంతం నుంచి వచ్చే, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వాడే పేషెంట్లలో యాభై దాటినవాళ్ళు ఈ మాట అంటే, ముందు పాత మందుల చీటీలు తెమ్మంటాను.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన ఏఆర్‌టీ మందుల్లో స్టావుడిన్ ఒకటి. బొంబాయి వలసపోయి జబ్బుతో తిరిగొచ్చిన మగవాళ్ళనీ, వాళ్ళ ఇల్లాళ్ళనీ ఆ మందులే బతికించాయి. అయితే కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను స్టావుడిన్ దెబ్బతీస్తుంది. కాలివేళ్ళదాకా సాగే పొడవాటి నరాలకు ఆ దెబ్బ ముందు తగులుతుంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా మానిపించమంది. మందు మారినా పాడైన నరం పూర్తిగా కోలుకోదు. హెచ్‌ఐవీ కూడా సొంతంగా నరాలను తినేస్తుంది.

ఒక కూలి తల్లి, ఏళ్ళుగా ఏఆర్‌టీ మీద ఉంది. కూలికి పిలవరేమోనన్న భయంతో ఊళ్ళో చూపించుకున్నచోట ఆ సంగతి చెప్పలేదు. వాళ్ళు వయసు మీద పడిందన్నారు, బలం సూదులు వేశారు. మోగుతున్న ట్యూనింగ్ ఫోర్క్ ఆమె బొటనవేలి ఎముక మీద ఆనించాను. కాసేపటికి "ఆగింది" అంది. తీసి నా వేలిమీద పెట్టుకుంటే ఇంకా అదురుతూనే ఉంది.

అన్నీ పాత మందు ఖాతాలో వేస్తే బాగయ్యేవి తప్పిపోతాయి. షుగరు, కల్లు సారాలు, బీ6 లేకుండా వాడిన టీబీ మాత్ర ఐసోనియజిడ్, ఇవన్నీ నరాలను దెబ్బతీస్తాయి. ఆమెకు బీ12 బాగా తక్కువుంది. ఇంజెక్షన్లతో తిమ్మిర్లు తగ్గాయి. మంట కొంత మిగిలింది, దానికి రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇచ్చాను.

కింద కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఊనకుండా లేవలేదు. తొడ కండ కరిగిపోయింది. జిడోవుడిన్ కండరాలను దెబ్బతీయగలదు గాని, ఆమె దాన్ని ఎప్పుడూ వాడలేదు. అసలు లోటు తిండిలో ఉంది. రోజూ గుడ్డు, పప్పు తినమన్నాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేవమన్నాను, పొద్దునా సాయంత్రమూ.

మంట ఇప్పటి ఏఆర్‌టీ మాత్రవల్లేనని ఆమె దాన్ని మానేద్దామనుకుంది. అలా మానితేనే ప్రాణం మీదికొస్తుంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం గనుక మహబూబ్‌నగర్ ఏఆర్‌టీ సెంటర్‌కు నెలనెలా వెళ్తోంది. అక్కడ వైరల్ లోడుతో పాటు చెప్పులు విప్పించి పాదాలు కూడా చూడాలని నా కోరిక. రెండు నిమిషాల పని.