తొమ్మిదేళ్ల మౌనం

పొద్దుట్నుంచీ జాన్ మెక్‌నీల్ గురించే ఆలోచన. జెస్యూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన అమెరికన్ ఫాదర్, ఫిలాసఫీ ప్రొఫెసర్. ఫాదర్ కాకముందు, రెండో ప్రపంచయుద్ధంలో ఆయన జర్మన్లకు చిక్కి ఆకలితో అల్లాడుతుంటే, ఎవరో వెట్టికూలీ శిలువ గుర్తు వేసుకుని ఒక ఆలుగడ్డ విసిరాడట. నా మనసు అక్కడే ఆగిపోయింది. దొరికితే ఆ కూలీ ప్రాణమే పోయేది కదా!

స్వలింగ ప్రేమ కూడా దేవుడి ముందు మంచిదే కాగలదని మెక్‌నీల్ 1976లో పుస్తకం రాశారు. మరుసటేడే వాటికన్ నోరెత్తొద్దంది. తొమ్మిదేళ్లు బయట మాట్లాడలేదు. కానీ తన దగ్గరికొచ్చిన గే క్రైస్తవులకు థెరపిస్టుగా ధైర్యం చెబుతూనే ఉన్నారు. ఎంత బరువు మోశారో!

1986లో వాటికన్ స్వలింగ ఆకర్షణనే ఒక లోపమంటూ లేఖ విడుదల చేసింది. ఇక ఊరుకోలేక గొంతెత్తారు. 1987లో జెస్యూట్ సంఘం నుంచి పంపేశారు. దాదాపు నలభై ఏళ్ల బంధం! అయినా 2015లో, 90వ ఏట కన్నుమూసేదాకా క్రీస్తును వదల్లేదు.