కొండగట్టున మా అతిథి

యాత్రలు చేసి వచ్చిన సోదరీమణులు గుడి గోపురమును, కోనేటిని, త్రోవ ఖర్చులను గూర్చి వ్రాయుట వాడుక. మేమును కొండగట్టు యాత్రను గూర్చి యట్లే వ్రాయబూనితిమి గాని, అచట చూచినదానికంటె నేర్చినది మాకు గొప్పదిగా తోచుటచే దానినే ముఖ్యముగా వ్రాయుచున్నాము.

మా ఆడబిడ్డ హైదరాబాదున కాపురమున్నది. ఈ యేడు ఆమె యింట థాయిలాండు దేశపు బాలిక యొకతె అతిథిగా నుండి, ఆమె కూతురితో కూడ పాఠశాలకు పోవుచున్నది. పదునాఱేండ్ల పిల్ల. ఒక దేశపు విద్యార్థి మఱియొక దేశమున నొక కుటుంబమునందు బిడ్డవలె నుండి చదువుకొను పద్ధతి నేటిది కాదు. మొదటి మహాయుద్ధమున గాయపడినవారిని వాహనములపై చేరవేసిన స్వచ్ఛంద సేవకుల నుండి పుట్టిన ఏ.ఎఫ్.ఎస్. అను సంస్థ, రెండవ యుద్ధము ముగిసిన పిదప 1947 నుండి బడిపిల్లల నిట్లు దేశదేశములకు పంపుచున్నది. యుద్ధమును కన్నులార చూచినవారు, ఒకరి యింటి అన్నము తిన్నవారు ఒకరి నొకరు చంపుకొనరని తలచిరి కాబోలు.

సంక్రాంతి వెళ్ళిన పిదప నొక శుక్రవారము రాత్రి వారందఱును కరీంనగరమునందలి మా యింటికి వచ్చిరి. మఱునాడు కొండగట్టు అంజన్న దర్శనమునకు పోవలెనని మా అత్తగారు పట్టుపట్టిరి. బౌద్ధమతమున పుట్టిన పిల్లను గుడికి రమ్మనుట యెట్లని మేము సందేహించుచుండగా, ఆ పిల్లయే “హనుమానా? నాకు బాగుగా తెలియును!” అని చప్పట్లు చఱచెను. ఆమె మాటలు ఆడబిడ్డ కూతురు తెలుగున చెప్పుచుండెను.

తెల్లవాఱుజామున పులిహోర కలిపి, పండుగకు చేసిన సకినములు డబ్బాలో పోసికొని, కారులో బయలుదేరితిమి. కరీంనగరము నుండి జగిత్యాల పోవు త్రోవలో కొండగట్టు సుమారు 35 కిలోమీటర్లుండును. గంగాధర దాటునప్పటికి ప్రొద్దు పొడిచెను. అత్తగారు మురిపెముతో, “మీ దేశమున హనుమంతుని గూర్చి యేమి చెప్పుదురు?” అని అడిగించిరి. ఆ పిల్ల ఉత్సాహముతో, “హనుమానుడు తెల్లని కోతి. ఆయన భార్య సువర్ణమచ్చ, బంగారు మత్స్యకన్య” అనెను.

అత్తగారు “రామ రామ!” యని చెవులు మూసికొనిరి. మేమో, నాయనగారి యొద్ద ఇంటనే రామాయణ భారతములు చదివినవారము. ఆ గర్వము మమ్ము ఊరకుండనీయలేదు. ఆంజనేయుడు బ్రహ్మచారి యనియు, వాల్మీకమున అట్టి మాట లేదనియు, తెలియని విషయమున నోరు జారరాదనియు ఆ పిల్లకు బోధించితిమి. ఆడబిడ్డ కూతురు ఆ మాటలు తెలుపుటకు తడబడెను. తెలిపిన పిదప ఆ పిల్ల చేతులు జోడించి క్షమింపుమని, కిటికీవైపు మొగము త్రిప్పుకొనెను. తరువాత ఒక్క మాటయు లేదు.

ఘాటు త్రోవ యెక్కుచుండగా ఒక మలుపున అత్తగారు కన్నులు మూసికొని నమస్కరించిరి. 2018 సెప్టెంబరు 11న కొండ దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన ఘాటు అది. స్వామిని చూచి ఇంటికి మరలుచున్న వారును, చుట్టుపట్ల పల్లెలవారును అందుండిరి. ఆ పిల్ల కారణమడుగలేదు. అత్తగారిని చూచి తానును చేతులు జోడించి తలవంచెను. ఎందుకని పిమ్మట మేమడుగగా, “పెద్దమ్మ కంట నీరు వచ్చినది” అని మాత్రము చెప్పెను. అత్తగారది విని ఆమెవంక చూచిరి గాని పలుకరింపలేదు.

శనివారమగుటచే కొండపై జనము మిక్కుటముగా నుండిరి. మంగళవారములందును ఇట్లే యుండును. చైత్రశుద్ధ పూర్ణిమనాడు చిన్న జయంతికిని, వైశాఖ బహుళ దశమినాడు పెద్ద జయంతికిని కాషాయవస్త్రములతో వచ్చి దీక్ష విరమించువారితో ఈ కొండ యంతయు నెఱ్ఱబాఱును. పూర్వము సింగం సంజీవుడను పశులకాపరి, మందలో తప్పిన పశువును వెదకుచు వచ్చి యిచట స్వామిని కనుగొని చిన్న గుడి కట్టెనని స్థలపురాణము. ఇచటి మూర్తికి ఆంజనేయముఖముతో పాటు నారసింహముఖము గూడ కలదందురు. మనోవ్యాధి గలవారును, సంతానము కోరువారును దినముల తరబడి యిచటనే యుండి సేవింతురు. వారిని చూచినప్పుడు మా యింటి చిన్న మనస్తాపము మాకే సిగ్గుగా తోచినది.

దర్శనమైన పిదప అత్తగారు కొబ్బరిచిప్పలున్న సంచి చేతబట్టుకొని వెలుపలికి వచ్చుచుండగా, గోడమీదినుండి పెద్ద కోతి యొకటి దుమికి సంచి పట్టుకొనెను. అత్తగారు విడువరు, కోతియు విడువదు. మేము కేకలు వేయుచుంటిమే కాని దగ్గఱకు పోలేకపోతిమి. అప్పుడా పిల్ల మెల్లగా వచ్చి, కోతి కన్నులలోనికి చూడక, అత్తగారి వ్రేళ్ళను ఒక్కొక్కటిగా సడలించి సంచిని వదలించి, ఆమె భుజము పట్టి వెనుకకు నడిపించెను. కోతి చిప్పలతో చెట్టెక్కెను. అత్తగారి చేతికి గీఱైనను తగులలేదు.

ఆ పిల్లది లోప్బురియను పట్టణము. శ్రీరాముడు యుద్ధానంతరమున ఆ సీమను హనుమంతునికి బహుమానముగా నిచ్చెనని అచటివారు చెప్పుకొందురట. అచటి పురాతన దేవాలయమున కోతులు గుంపులు గుంపులుగా నుండెడివనియు, కోతితో గుంజులాడరాదని తన అమ్మమ్మ చిన్ననాడే నేర్పెననియు ఆ పిల్ల చెప్పెను. అత్తగారు పకపక నవ్వి, “మీ ఊర్లె గూడ కోతులు గింత ఆగమేనా బిడ్డా! గా మీ హనుమంతుని కత జెప్పు, ఇంట” అనిరి.

చెట్టునీడను కూర్చుండి పులిహోర తినుచు ఆ పిల్ల కథ మొదలుపెట్టెను. వారి రామాయణమునకు రామకియెన్ అని పేరు. 1767లో అయుత్థయ నగరము శత్రువులచే నాశనమైన పిదప, బాంకాకున రాజ్యము స్థాపించిన మొదటి రామరాజు దానిని మరల వ్రాయించెను. బాంకాకులోని మరకత బుద్ధుని యాలయపు ప్రాకారము గోడలమీద ఆ కథ 178 చిత్రములుగా నున్నది. వాటియెదుట నిలువబెట్టి అమ్మమ్మ తన కీ కథ చెప్పినదట.

మైయరాబ్ అను పాతాళరాజు మంత్రముచే రాముని దొంగిలింప వచ్చెను. హనుమానుడు తన దేహమును పెంచి, రాముని విడిదినే నోటిలో దాచుకొనెను. అయినను రాక్షసుడు రాముని పాతాళమునకు గొనిపోయెను. హనుమానుడు వెదకుచు పోగా, త్రోవలో చేపతోక గల కోతిపిల్లవాడొకడు అడ్డగించి పోరాడెను. వాని పేరు మచ్చను. తన తండ్రి హనుమానుడని వాడు చెప్పగా, నేనే యని యీయన చెప్పిన నమ్మడు. అప్పుడు హనుమానుడు ఆకాశమున కెగసి ఆవులించి చంద్రుని, చుక్కలను నోటినుండి వెలువరించెను. వాడు తండ్రి కాళ్ళమీద పడెను. ఇది చెప్పుచు ఆ పిల్ల తానును నోరు పెద్దదిగా తెఱచి ఆవులించి చూపెను.

అత్తగారి చేతిలోని ముద్ద చేతనే యున్నది. “మైరావణుడే గదనే వాడు! గా పిల్లగాడు మా మత్స్యవల్లభుడే గద!” అని కేక వేసిరి. అత్తగారు అక్షరము నేర్చినవారు కారు. బాల్యమున పుట్టినింటి యూరిలో రాత్రులెల్ల మేల్కొని తోలుబొమ్మలాటలో మైరావణచరిత్రము చూచినవారు. అందు హనుమంతుడు తోకతో కోట కట్టి రామలక్ష్మణులను కాచును. సముద్రము దాటునప్పుడు రాలిన చెమటబిందువును మీనము మ్రింగగా మత్స్యవల్లభుడు పుట్టును. ఆ కథయు వాల్మీకమున లేదు. లేదనియే మేము దానిని ఏనాడును చెవినిడినవారము కాము.

“మావాండ్లు చెమటసుక్క అన్నరు, మీవాండ్లు పెండ్లాము అన్నరు. బిడ్డడైతే ఒక్కడే గద!” అని అత్తగారు ఆ పిల్ల గడ్డము పట్టుకొనిరి. మన దేశముననే సువర్చలా హనుమంతులకు కల్యాణము చేయువారు గలరు. చదివిన మాకు ఉదయమున ఆ సంగతియైనను జ్ఞప్తికి రాకపోయెను.

పిమ్మట ఆ పిల్ల తన ఫోనులో లోప్బురియందున్న అమ్మమ్మను పిలిచి, అత్తగారికి చూపెను. అటు తెల్లని తలతో ముసలమ్మ యొకతె చేతులు జోడించెను. ఇటు అత్తగారును జోడించిరి. ఒకరి మాట ఒకరికి తెలియదు. “మైరావణుడు” అని వీరనిరి. “మైయరాబ్” అని ఆమె యనెను. “హనుమాన్” అని ఇద్దఱును ఒక్కసారి యని నవ్విరి.

ఆ నవ్వు చూచి ఆ పిల్ల కన్నులు తుడుచుకొనెను. ఇల్లు విడిచి వచ్చి యెనిమిది నెలలైనదనియు, అమ్మమ్మను ఇంతగా నవ్వగా చూచి చాల దినములైనదనియు ఆడబిడ్డ కూతురు మాకు మెల్లగా చెప్పెను.

మేము ఆ పిల్ల ప్రక్కకు పోయి కూర్చుండి, “ఉదయము మేమన్న మాట తప్పు” అని చెప్పించితిమి. పెద్దవారమై యొక చిన్నపిల్లకు అట్లు చెప్పుట మొదట కష్టమే యైనది. ఆమె తలయూచి, డబ్బానుండి సకినము నొకదానిని తీసి సగము విఱిచి మాకిచ్చినది.

ఆదివారము సాయంకాలము వారు హైదరాబాదునకు బయలుదేరునప్పుడు అత్తగారు మిగిలిన సకినములన్నియు ఆ పిల్ల సంచిలో కట్టి, అమ్మమ్మకు పంపుమనిరి. అంత దూరము పోవుసరికి విఱిగి పొడియగునని మావారనిరి. “పొడైనా రుచి పోదు” అని అత్తగారనిరి.

సోదరీమణులారా, మీ యింటికిని ఎప్పుడైన దూరదేశపు పిల్ల అతిథిగా రావచ్చును. అప్పుడు మీ రామాయణము చెప్పుటకు ముందు ఆమె రామాయణమును ఆమెచేత చెప్పించుకొని వినుడు.