పరీక్షగొట్టంలో రక్తం చెప్పే నిజం

నాగులచవితి నాడు పుట్టలో పాలు పోయని ఇల్లు మా ముదినేపల్లి ప్రాంతంలో అరుదు. పక్కనే సింగరాయపాలెంలో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఉన్నాడు. అటు దివిసీమలో మోపిదేవి స్వామి ఉన్నాడు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా చేశారు. భక్తి భక్తిదే, వైద్యం వైద్యానిదే. పాము గురించి సైన్సు చెప్పే వింతలు తెలిసి ఉంటే ప్రాణాలు దక్కుతాయి. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

మొదటి వింత: పాలు పాము ఆహారం కాదు. అది మాంసాహారి. ఎలుకలు, కప్పలే దాని భోజనం. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. కాబట్టి మన డెల్టాకు పాము చుట్టం కాదు, కాపురస్థుడే!

రెండో వింత మంత్రం గురించి. "మా ఊళ్ళో ఫలానాయన మంత్రం వేస్తే ఎంతమంది బతికారో" అని నాతో చాలామంది అంటూంటారు. బతికిన మాట నిజమే. కాని మనకు కనిపించే పాముల్లో జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేనివే ఎక్కువ. విషపాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటివాళ్ళు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. అసలు విషం ఎక్కినవాడి సంగతి వేరు.

ఒక వర్షాకాలం సాయంత్రం నడివయసు రైతును మోటారు సైకిలు మీద తీసుకొచ్చారు. చేపల చెరువు గట్టు మీద గడ్డి కోస్తుంటే చీలమండ దగ్గర కాటు పడింది. "మంత్రం వేయించామండీ డాక్టరుగారూ, విషం దిగిపోయిందన్నారు. మీరోసారి చూస్తే ధైర్యంగా ఉంటుంది" అన్నాడు బావమరిది. మనిషి బాగానే మాట్లాడుతున్నాడు. కాలు మాత్రం వాచింది. 108కి ఫోను చేయమని చెప్పి, 2 మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా బల్ల మీద నిలబెట్టాను. మామూలు రక్తమైతే 20 నిమిషాల్లో గడ్డకట్టాలి. గడువు కాగానే గొట్టం వంచి చూపించాను. రక్తం నీళ్ళలా జారింది. బావమరిది మరి మాట్లాడలేదు. అంబులెన్సు రాగానే గుడివాడ పంపించాను. సకాలంలో మందు పడింది. కోతల నాటికి ఆ రైతు పొలంలో ఉన్నాడు.

ఏమిటి ఈ పరీక్ష రహస్యం? అతన్ని కరిచింది రక్తపింజర. దాని విషం రక్తాన్ని పలచన చేయదు. ముందు గడ్డకట్టిస్తుంది! పెళ్ళికి తెచ్చిన సరుకంతా ముందురోజే వండి పారేస్తే పెళ్ళినాడు వడ్డించడానికి ఏముంటుంది? అలాగే గడ్డకట్టే పదార్థాలన్నీ ఒంట్లో వృథాగా ఖర్చయిపోతాయి. ఆ తరువాత చిగుళ్ళనుంచి, మూత్రంలో రక్తం పోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఈ పాముకు ఇంగ్లీషులో రస్సెల్ పేరు పెట్టారు. పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన వైద్యుడు. 1796లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ పాముకు మనవాళ్ళు చెప్పిన పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ! ఇంకో విశేషం చూడండి. గర్భం పదే పదే పోయే స్త్రీలకు చేసే ఒక రక్తపరీక్షలో ఈ పాము విషాన్నే బాగా పలచన చేసి వాడతారు.

కట్లపాము తీరు వేరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనిపించదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఆపైన ఊపిరి ఆగడం. ఇక్కడ గాజు గొట్టం పరీక్ష పనికిరాదు. నాగుపాము కాటుకూ అంతే. రక్తం గడ్డకట్టింది కదా అని ధీమా వద్దు. 24 గంటలు ఆసుపత్రిలో ఉండవలసిందే.

విరుగుడు మందు గుర్రం రక్తంనుంచి తయారవుతుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. పసిపిల్లకూ పెద్దవాడికీ మోతాదు ఒక్కటే. పాము మనిషి సైజు చూసి విషం ఎక్కించదు కదా!

పాము కరిస్తే ఇవి గుర్తుంచుకోండి. తాడుతో బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దలు పెట్టి కదలకుండా ఉంచండి. నడిపించవద్దు. పాము కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108ని పిలిచి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం.

కాటు పడకుండా ఉండాలంటే చీకట్లో టార్చిలైటు వేసుకోండి. గట్ల మీదికి బూట్లు తొడుక్కోండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపి పడుకోండి. దోమకు కట్టిన తెర కట్లపామునూ ఆపుతుంది.

స్వామికి మొక్కుకోండి, తప్పులేదు. కాని ఆ మొక్కు ఆసుపత్రికి వెళ్ళే దారిలో మొక్కుకోండి.