తాతయ్య తప్పిన లెక్క

పిల్లలూ, ముప్ఫై ఏళ్ళు బళ్ళో ఓమ్ సూత్రం చెప్పిన నేను ఇంట్లో ఆ లెక్కే తప్పాను.

మా ముందుగదిలో ఒక జత స్పీకర్లు ఉన్నవి. ఒక్కొక్కటి 8 ఓములు. పింఛను డబ్బుతో కొన్న ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుతో చక్కగా పాడేవి. మా ఆవిడ వంటింట్లోకీ పాట వినపడాలన్నది. సరేనని ఆ తీగెలకే మరొక జత తగిలించాను; అవీ 8 ఓములవే. గంట తిరక్కుండా కాలిన వాసన వచ్చి పాట ఆగిపోయింది.

"తాతయ్యా, 8, 8 కలిస్తే 16 గదా? అడ్డు పెరిగితే కరెంటు తగ్గాలిగా?" అన్నది మనుమరాలు.

నాకు సిగ్గేసింది. ఒకదాని వెనక ఒకటి కలిపితే 16. నేను కలిపినట్టు పక్కపక్కన, అంటే సమాంతరంగా కలిపితే 4 మాత్రమే! చెరువుకు రెండో తూము తెరిస్తే నీరు రెట్టింపు పారదూ? అలాగే కరెంటు రెట్టింపై, ట్రాన్సిస్టర్లు వేడెక్కి మాడిపోయినవి.

కొత్తది కొనడానికి మనుమరాలినీ వెంట తీసుకువెళ్ళాను. "ఇది 100 వాట్లండీ!" అన్నాడు కొట్టతను. (వాట్లు రెట్టింపు చేసినా చప్పుడు 3 డెసిబెల్సే పెరుగుతుంది, చెవికి అది కొంచెమే.)

"వాట్లు సరే, 4 ఓములకు తట్టుకుంటుందా?" అన్నది మా పిల్ల.

అతను పెట్టె వెనక్కు తిప్పి, కళ్ళజోడు కోసం వెతుక్కున్నాడు.