ఎవరి వకాల్తా?

హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌లో దిగి బడా బజార్ వైపు నడిస్తే, ఒక మందుల షాపు పైన నా కౌన్సెలింగ్ గది. రెండు కుర్చీలు, ఒక కూలర్, తలుపుకు మందపాటి పరదా. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఇక్కడికి దగ్గరే. మదీనా చౌరస్తా దాటి మూసీ ఒడ్డుకు పోతే హైకోర్టు. ఈ చుట్టుపక్కల గల్లీల్లో కోర్టు గుమాస్తాలు, టైపిస్టులు, స్టాంపు వెండర్లు, వకీళ్లు ఉంటారు. వాళ్ల పిల్లల్లో కొందరు లా చదువుతారు. మూడో ఏడో నాలుగో ఏడో వచ్చేసరికి వాళ్లలో కొందరు నా మెట్లెక్కుతారు. "మేడమ్, మేరేకు లా నక్కో హోగయా" అంటుంది ఒకమ్మాయి. తెలుగు ఇళ్ల పిల్లలైతే "ఇది నాకు సెట్ అయితలేదు మేడమ్" అంటారు.

నేను ఇక్కడ ఎవరి గురించి రాసినా అది ఒక్క మనిషి కాదు. ఇద్దరు ముగ్గురిని కలిపి, ఆనవాళ్లు మార్చాను. పాతబస్తీలో తండ్రి పనీ గల్లీ పేరూ చెబితే చాలు, ఇల్లు దొరికిపోతుంది.

వచ్చినవాళ్లు మొదటి సెషన్‌లోనే తీర్పు అడుగుతారు: వదిలేయాలా, వద్దా? నేను ఆ రోజు లా గురించి దాదాపు ఏమీ మాట్లాడను. నిద్ర ఎంత, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగానే ఉన్నాయా అని అడుగుతాను. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది. దాని చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని కాగితానికి వదిలేయకుండా నోటితో, సూటిగా అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని పెద్దవాళ్లు భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్న పిల్లలనే ఎక్కువ చూశాను. డిప్రెషన్ ఉందనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను, మందులు రాసే పని నాది కాదు. చదువు మానడం గురించి మాట్లాడటం అప్పటికి వాయిదా. నెల తరబడి సరిగ్గా నిద్రపోని మనిషికి ఏ కోర్సయినా తప్పు కోర్సులాగే కనిపిస్తుంది.

డిప్రెషన్ లేదని తేలాక అసలు పని మొదలవుతుంది. ఒక అబ్బాయి ఐదేళ్ల కోర్సులో నాలుగో ఏడు. రాజ్యాంగం ఇష్టం, క్రిమినల్ లా ఇష్టం, మూట్ కోర్టులో బహుమతి కూడా వచ్చింది. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు ఎండిపోతుంది. రెండుసార్లు పరీక్ష హాలు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మెల్లగా విషయం బయటపడింది. తాత కట్టించిన ఇంటి మీద పెదనాన్నలతో పార్టిషన్ దావా ఉంది. అబ్బాయి పుట్టకముందే వేశారు. ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా కాగితాలు. ఇంటర్ కాగానే తండ్రి, "మన కేసు మనోడే చూసుకుంటడు" అని లాసెట్ రాయించాడు. సీపీసీ చదవడమంటే వాడికి ఆ పెట్టె మూత తెరవడమే.

ఊళ్లలోనూ ఇంతే, భూమి తగాదా ఉన్న ఇంట్లో ఒకరిని ప్లీడరు చేయాలనుకోవడం పాత అలవాటు. వకాల్తా మీద కక్షిదారు సంతకం పెట్టాకే వకీలు కేసు తీసుకుంటాడు. ఈ పిల్లలు మాత్రం ఎవరూ సంతకం పెట్టని వకాల్తాతో, తమకు ఊహ తెలియని నాటి కేసు మోస్తుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ మార్షియా 1966లోనే దీన్ని గుర్తించాడు: కొందరు యువకులు దేన్నీ వెతకకుండానే పెద్దలు ఇచ్చిన దారికి గట్టిగా కట్టుబడిపోతారు. పైకి స్థిరంగానే కనిపిస్తారు. వెతుకులాట ఆలస్యంగా మొదలైనప్పుడు ఇల్లంతా దాన్ని జబ్బు అంటుంది. నా లెక్కలో అది చాలాసార్లు ఆరోగ్యం.

అబ్బాయి ఒప్పుకున్నాక తండ్రిని పిలిపించాను. "మీ కేసుకు వకీలు కావాలా, మీకు కొడుకు కావాలా?" లాంటి సినిమా డైలాగులు నేను కొట్టను. దావా ఏ దశలో ఉంది, ఇప్పుడున్న వకీలు ఎంత తీసుకుంటున్నాడు, కొడుకు సనదు తెచ్చుకుని సొంతంగా నిలబడటానికి ఎన్నేళ్లు పడుతుంది అని మామూలు లెక్కలు వేయించాను. ఆయన గట్టి మనిషి, వెంటనే కరగలేదు. చివరికి పెట్టె తన గదిలోకి మార్చుకున్నాడు. అబ్బాయి సీపీసీ పాసయ్యాడు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీ కాంట్రాక్టులు చూస్తున్నాడు. ఇంటి కేసు నడుస్తూనే ఉంది.

అమ్మాయిల కథ వేరు. "జడ్జి అయితే చదివిస్తాం, వకీలయితే వద్దు" అనే షరతు మీద కాలేజీకి వచ్చినవాళ్లు చాలామంది. డిగ్రీ కాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలి, ఆ తరువాతే పెళ్లి. ఇదీ ఒప్పందం. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. న్యాయవ్యవస్థ వైపు నుంచి చూస్తే అందులో సబబు ఉంది, కోర్టు గుమ్మం చూడని మనిషి తీర్పు చెప్పడం ఇబ్బందే. కానీ ఈ గల్లీల్లో ఆ మూడేళ్లు అంటే సీనియర్ ఛాంబర్లో సాయంత్రాలు, రాత్రి ఆటోలో రాక, బంధువుల మాటలు. ఒకమ్మాయి నాతో అంది, "నాకు లా ఇష్టమే మేడమ్. మా అమ్మీకిచ్చిన మాట పోయింది, అంతే." ఆమెకు కెరీర్ సలహా అవసరం లేదు. మూడేళ్ల గడువు ఇంట్లో ఎలా అడగాలో అవసరం. రెండు సెషన్లు మేము ఆ సంభాషణే రిహార్సల్ చేశాం, నేను అమ్మీని, ఆమె ఆమే. మహిళా వకీలు ఛాంబర్ అయితే సరేనని ఇంట్లో దిగొచ్చారు. అది పూర్తి స్వేచ్ఛ కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఇంకొందరికి రోత లా మీద కాదు, ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఛాంబర్ మీద. ఫైళ్లు మోయడం, జిరాక్సులు తీయించడం, వాయిదాల డైరీ రాయడం, నెలాఖరుకు చేతిలో ఏమీ లేకపోవడం. పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సలహా మాత్రమే. జీతం లేని పని నచ్చకపోవడం మనస్తత్వ సమస్య కాదని వాళ్లకు గట్టిగానే చెబుతాను.

రంగురంగుల గ్రాఫులతో ఆప్టిట్యూడ్ టెస్టులు అమ్మేవాళ్లంటే నాకు పడదు. నాలుగేళ్లు చదివిన మనిషికి గ్రాఫు కన్నా డైరీ మేలు. ఏ పని చేస్తున్నప్పుడు ఫోన్ చూడలేదో రెండు వారాలు రాయమంటాను: డ్రాఫ్టింగా, మనుషులతో మాట్లాడటమా, వాదించడమా, చదవడమా. కొన్ని పొద్దుటి పూటలు కోర్టు హాల్లో వెనక బల్ల మీద కూర్చుని రమ్మంటాను. న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా విద్యార్థులనూ తీసుకుంటారు, కుదిరితే అక్కడికి వెళ్లమంటాను. కక్షిదారుల మధ్య కూర్చున్నాక కొందరి మొహం మారుతుంది. కొందరికి ఇది తమ పని కాదని తేలిపోతుంది. రెండూ నాకు పనికొచ్చే జవాబులే. రచయిత కావాలి కనుక లా వదిలేస్తానన్న కుర్రాడికి మాత్రం రావిశాస్త్రి గారు విశాఖలో వకీలుగానే ఉంటూ కథలు రాశారని గుర్తుచేశాను.

వదిలేయడానికే సిద్ధపడినవాళ్లకు ఒక రూలు చూపిస్తాను. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సును మధ్యలో విడగొట్టి బీఏ పట్టా ఇవ్వరు. నాలుగో ఏట ఆగితే చేతికి డిగ్రీ రాదు. మొదటి ఏట ఆగడం వేరు, నాలుగో ఏట ఆగడం వేరు. ఆ లెక్క తెలిసి మానేస్తే నేను అడ్డుపడను.

మార్కులే జీవితం అనుకునేవాళ్ల కోసం అమెరికా పరిశోధన ఒకటి దగ్గర పెట్టుకున్నాను. లారెన్స్ క్రీగర్, కెనన్ షెల్డన్ దాదాపు 6,200 మంది లాయర్లను అడిగి 2015లో ప్రచురించారు. లా స్కూలు మార్కులకూ తరువాతి సంతోషానికీ సంబంధం చాలా తక్కువ. తన ఇష్టంతో పని ఎంచుకున్నానన్న భావన, తోటి మనుషులతో దగ్గరతనం, వీటికే గట్టి సంబంధం. అమెరికా లాయర్ల మాట యాకుత్‌పురాకు పూర్తిగా వర్తిస్తుందని అనను. కానీ మొదటి అంశం, సొంత ఇష్టం, నా గదిలో రోజూ కనిపించేదే.

లా కాలేజీల యాజమాన్యాలకు ఒక విన్నపం. విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని, చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. ఆ తీర్పును పాఠంగా చెప్పే కాలేజీలు ముందు దాన్ని అమలు చేయాలి. పిల్లలూ, అంతదాకా ఆగలేని రాత్రి వస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.