ఆల్ప్స్‌లో నడుస్తారా? ముందు మోకాళ్లను అడగండి

పిల్లలు లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్టులోనో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లలో ఈమధ్య ఒక మాట వినబడుతోంది: "ఈసారి ఫ్రాన్సు కొండల్లో నడకకు వెళదాం" అని. మంచి ఆలోచనే. కాని టిక్కెట్లూ వీసాలూ చూసుకున్నంత శ్రద్ధగా కాళ్ల సంగతి చూసుకునేవారు అరుదు. మా ఆవిడకు 58 ఏళ్లు, కుడి మోకాలు చాలాకాలంగా సతాయిస్తోంది. అయినా షమొనీ చూడాలని పట్టుబట్టింది. అప్పుడు మేము వేసుకున్న లెక్కలు మీకూ పనికివస్తాయని రాస్తున్నాను.

మౌంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండుల మీదుగా తిరిగే పేరుపడ్డ బాట ఒకటుంది. దాదాపు 170 కిలోమీటర్లు. "పది రోజులకు 170 అంటే రోజుకు 17, అదెంత?" అంటారు మీరు. అక్కడే వుంది చిక్కు! ఆ దారిలో ఎక్కే ఎత్తంతా కూడితే సుమారు 10,000 మీటర్లు, దిగేదీ అంతే. అంటే రోజూ వెయ్యి మీటర్లు ఎక్కి, వెయ్యి దిగాలన్నమాట. అలిపిరి మెట్లదారిన తిరుమల ఎక్కడం కూడా అంత ఉండదు సుమా! కాబట్టి కొండదారిని కిలోమీటర్లతో కాక ఎత్తుతో కొలవండి. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున వేసుకుని, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరో గంట కలపమని 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన చెప్పాడు. మా వయసువాళ్లు దాని మీద ఇంకో సగం కలుపుకుంటే మేలు.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. బాధపెట్టేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందుభాగంలోని కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేనివారికి మర్నాడో మూడోనాడో కుర్చీలోంచి లేవలేనంత నొప్పి. అవి అలసిపోతే మోకాలికి ఆసరా తగ్గిపోతుంది. అందుకని సాధన కూడా దిగడంలోనే చెయ్యాలి. మా ఆవిడ మూడు నెలలపాటు లిఫ్టులో పైకెళ్లి మెట్లమీద కిందికి వచ్చేది. వాచ్‌మన్ వింతగా చూసేవాడు. చేతికర్రలు రెండు కొనండి. ముసలితనం అనుకోకండి, అక్కడ పాతికేళ్లవాళ్లూ పట్టుకుంటారు. మోకాలు వాచినా, పట్టేసినా మాత్రం ముందు ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

షమొనీ ఊరు 1,035 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ భయం లేదు. కాని అక్కడినుంచి ఎగ్వీ ద్యు మిది శిఖరానికి కేబుల్ కారు 20 నిమిషాల్లో 3,777 మీటర్లకు తీసుకుపోతుంది. అక్కడి గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు తక్కువే. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఫోటోలు మాని దిగిపోండి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు డాక్టరు సరేనంటేనే ఎక్కాలి. బి.పి.కి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేవారు మోతాదు గురించి ముందే అడగండి, సొంతంగా మానెయ్యకండి. ఇన్సులిన్ వాడేవారికి నడకలో చక్కెర పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ ఉండాలి.

కొండమీది బసలు ఎక్కువగా జూన్ మధ్యనుంచి సెప్టెంబరు మధ్యవరకే తెరిచి ఉంటాయి. జూన్‌లో ఎత్తయిన కనుమల్లో ఇంకా మంచు ఉంటుంది. నడివేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు, తెల్లవారుతూనే బయల్దేరాలి. శాకాహారులు ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. వీసాకోసం తీసుకునే ఇన్సూరెన్సు కొండల్లో రక్షణ ఖర్చు ఇస్తుందో లేదో చదివి చూడండి. ఆపదలో ఫోన్ నంబరు 112.

చివరికి మేము ఆ పెద్ద చుట్టు మానేసి షమొనీలోనే దిగి, రోజుకో నడక పెట్టుకున్నాం. ఫ్లెజేర్ వరకు కేబుల్ కారు, అంటే 1,877 మీటర్లు. అక్కడినుంచి 2,352 మీటర్ల ఎత్తున ఉన్న లాక్ బ్లాన్ సరస్సుదాకా నడక. దిగేటప్పుడు మళ్లీ కారెక్కితే 800 మీటర్ల దిగుడు తప్పుతుంది. ఆఖరి కారు ఎన్నింటికో పొద్దున్నే అడిగి కాగితంమీద రాసుకోండి.